రెప్ప కోతకు ముందు

మన ఒంటి మీద అన్నిటికన్నా పలుచని తోలు కంటి రెప్పది. రెప్ప వేసినప్పుడల్లా కన్నీరు కంటి మీద పరుచుకుంటుంది. కన్ను తడిగా ఉంటుంది. వయసు మీద పడితే ఈ తోలు సాగుతుంది. పై రెప్ప కిందికి వాలుతుంది. కింది రెప్ప దగ్గర కొవ్వు ఉబ్బి చిన్న సంచిలాగ కనబడుతుంది. అది రోగం కాదు, వయసు.

ఈ సాగిన తోలును కోసి కుట్టే ఆపరేషన్ ఉంది. సెల్‌ఫోనులో "ముందు", "తర్వాత" అని రెండు ఫొటోలు చూపిస్తారు. చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించి వస్తున్న ఇద్దరు యారాండ్లు ఇట్లా మాట్లాడుకుంటున్నారు అనుకుందాం. చిన్నామె బీడీలు చేస్తుంది.

"అక్కా, నా రెప్పలు వాలినయి. పట్నంల కోసి సాపు చేస్తరట. సంఘంల అప్పు తీసుకుంట."

"రెప్ప అందానికా చెల్లె, చూపుకా?"

"రెండిటికీ. బీడీకి దారం చుట్టేటప్పుడు మసకగ కనబడుతుంది."

పెద్దామె అడిగిందే అసలు ప్రశ్న. చిన్నామె చెప్పిన మసక రెప్ప వల్ల కాకపోవచ్చు. నలభై ఏళ్ళు దాటితే దగ్గరి చూపు తగ్గుతుంది. దీన్ని చత్వారం అంటారు. దీనికి అద్దాలు చాలు. తెలంగాణలో 2018లో, 2023లో కంటి వెలుగు శిబిరాలలో ఇట్లాంటి అద్దాలు ఉచితంగా ఇచ్చారు. చత్వారం ఉన్నామె రెప్ప కోయించుకుంటే అప్పు మిగులుతుంది, మసకా మిగులుతుంది. అందుకే ముందు కంటి పరీక్ష. కత్తి తర్వాత.

రెప్ప నిజంగా చూపుకు అడ్డం పడేవాళ్ళూ ఉన్నారు. తోలు కంటిపాప మీదికి జారితే పైన, పక్కన కనబడదు. డాక్టరు దీన్ని కొలిచి చెబుతాడు. పుట్టుకతోనే రెప్ప వాలిన పిల్లలను మాత్రం "పెద్దయితే అదే పోతది" అని ఇంట్లో ఉంచవద్దు. ఆ కంటికి చూపు అలవాటు కాకుండా పోవచ్చు. ఒక రెప్ప ఉన్నట్టుండి వాలినా, ఒకటి రెండుగా కనబడినా, తలనొప్పి వచ్చినా అదే రోజు దవాఖానకు పోవాలి. అది నరాల జబ్బు కావచ్చు.

ఇంకొకటి, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని గీయడం. ట్రకోమా అనే అంటురోగం వల్ల మన దేశంలో ఎందరికో ఇట్లా అయ్యేది. ఆ రోగం ఇప్పుడు ఇక్కడ ప్రజల సమస్యగా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. వయసు వల్ల కూడా రెప్ప లోపలికి తిరుగుతుంది. వెంట్రుకలు పీకితే మళ్ళీ వస్తాయి. దీనికి కోత అవసరం పడవచ్చు. ఇది అందం కోత కాదు. వెనకటి కాలంలో సుశ్రుతుడు కూడా దీనికి కోత గురించి రాశాడు.

అందం కోసమే అయితే ఆరోగ్యశ్రీ వర్తించదు. పైసలు మనవే. బ్యూటీ పార్లరులో గానీ, ఊరి ఆర్.ఎం.పి. దగ్గర గానీ రెప్పకు కత్తి పెట్టించుకోవద్దు. రెప్పల ఆపరేషన్లు నేర్చిన కంటి డాక్టర్లు వేరే ఉంటారు. హైదరాబాదులో మెహదీపట్నం సరోజినీదేవి సర్కారు కంటి దవాఖాన ఉంది. 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా ఉంది.

డాక్టరుకు అన్నీ చెప్పాలి. షుగర్, బీపీ, థైరాయిడ్, కన్ను ఎండిపోవడం, గుండెకు వాడే రక్తం పలుచన చేసే గోళీలు. ఆ గోళీలను మనంతట మనం ఆపవద్దు. తోలు ఎక్కువ కోస్తే కన్ను పూర్తిగా మూసుకోదు. నిద్రలో కూడా తెరుచుకుని ఎండిపోతుంది. కంటి కింద నలుపు ఈ కోతతో పోదు. ఈ మాట ఫొటోలు చూపించేవాళ్ళు చెప్పరు.

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమని అడగండి. ఏ రెప్ప, ఏమి కోస్తారు, ఎంత ఖర్చు, చెడితే ఏం చేస్తారు, ఇవి తెలిశాకే పేరు రాయండి.

కోత తర్వాత కన్ను కమిలి ఉబ్బుతుంది. రెండు వారాలు పట్టవచ్చు. కుట్లు సాధారణంగా వారంలో తీస్తారు. అప్పటిదాకా కాటుక వద్దు, బరువులు వద్దు, పొగాకు దుమ్ములో కూర్చోవద్దు. బీడీ పని ఎన్ని రోజులు ఆగుతుందో ఆ కూలీ కూడా లెక్కలో వేసుకోవాలి.

నొప్పి బాగా పెరిగినా, కన్ను ముందుకు ఉబికినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగవద్దు. కంటి వెనుక రక్తం చేరి ఉండవచ్చు. అరుదే, కానీ కొన్ని గంటల్లోనే చూపు పోతుంది. దవాఖాన ఫోను నంబరు ఇంటికి రాకముందే రాసి తెచ్చుకోండి.