ఫీజు రీయింబర్స్‌మెంట్ ‘శాంక్షన్’ అయితే డబ్బు కట్టినట్టేనా? పీజీ, వృత్తివిద్య విద్యార్థులు తెలుసుకోవాల్సినవి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో బీటెక్, ఎంబీఏ, ఎంసీఏ, బీఫార్మసీ, బీఈడీ చదువుతున్న పిల్లలున్న చాలా ఇళ్లలో ఒకటే లెక్క వినిపిస్తుంది. ‘ఫీజు గవర్నమెంటు కడుతుంది, హాస్టల్ ఖర్చు మనం చూసుకుంటే చాలు’ అని. మొదటి మూడేళ్లు ఆ లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. కోర్సు అయిపోయి మెమోలు, టీసీ కోసం కాలేజీకి వెళ్లిన రోజు మాత్రం కౌంటర్‌లో మరో మాట వినిపిస్తుంది. ‘మీ రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు. బకాయి కట్టి తీసుకెళ్లండి.’

ఈపాస్‌లో చూస్తే స్టేటస్ ‘శాంక్షన్డ్’ అని ఉంటుంది. మరి డబ్బు ఎక్కడుంది? సర్టిఫికెట్ ఎవరు ఆపగలరు? ఈ మధ్యలో మీరేం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

రీయింబర్స్‌మెంట్‌లో ఏమేం ఉంటాయి?

ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ఆర్‌టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు. ఇది కాలేజీ ఖాతాకు వెళ్తుంది. రెండోది ఎంటీఎఫ్, అంటే మెయింటెనెన్స్ ఖర్చు. ఇది విద్యార్థి ఖాతాకు వస్తుంది. ‘నా అకౌంట్‌లో స్కాలర్‌షిప్ పడింది కాబట్టి ఫీజు కూడా వచ్చేసింది’ అనుకోవద్దు. రెండింటి బిల్లులు వేరు, విడుదలయ్యే సమయమూ వేరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఈ పథకం తెలంగాణ వచ్చాక కూడా కొనసాగుతోంది. ఇంటర్ తర్వాతి డిగ్రీ, వృత్తివిద్య కోర్సులతో పాటు పీజీకీ వర్తిస్తుంది. తెలంగాణ స్థానిక విద్యార్థులే అర్హులు.

ఎవరికి వస్తుంది? ఎవరికి రాదు?

తల్లిదండ్రుల వార్షికాదాయం ఎస్సీ, ఎస్టీలకు రూ.2 లక్షలు దాటకూడదు. బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థులకు గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు పరిమితి.

ఈ మూడు జిల్లాల్లో అత్యధికులు ఉండేది పల్లెల్లోనే. రూ.1.5 లక్షలంటే నెలకు రూ.12,500. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఆ గీత దాటడం పెద్ద విషయం కాదు. అందుకే మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసేటప్పుడే పరిమితి ఎంతో చూసుకోండి. పత్రంలోని చిరునామా, ఈపాస్‌లో ఇచ్చిన చిరునామా ఒకటే ఉండాలి.

ఇవి కాకుండా దరఖాస్తును తిరస్కరించే కారణాలు మరికొన్ని ఉన్నాయి.

• మేనేజ్‌మెంట్ కోటాలో గానీ, స్పాట్ అడ్మిషన్‌లో గానీ చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ కోటాలో సీటు మిగిలిపోయి స్పాట్‌లో తీసుకున్నా అంతే. ‘స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం’ అని ఏజెంట్ చెప్పే మాటను ఇక్కడే అనుమానించాలి.

• దూరవిద్య, ఓపెన్ యూనివర్సిటీ కోర్సులకు రాదు.

• ఒకసారి ఒక స్థాయి కోర్సుకు తీసుకున్నాక అదే స్థాయిలో మరో కోర్సుకు రాదు. ఎంఏకి తీసుకుని తర్వాత మరో పీజీలో చేరితే సొంతంగా కట్టుకోవాల్సిందే.

• హాజరు 75 శాతం ఉండాలి.

• స్కాలర్‌షిప్ కంటే ఎక్కువ స్టైపెండ్ వచ్చే కోర్సుల వారికి వర్తించదు.

మొత్తం ఫీజు వస్తుందా?

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు నిర్ణయించిన ట్యూషన్ ఫీజు మొత్తం వస్తుంది. బీటెక్‌లో బీసీ, ఈబీసీ విద్యార్థులకు మాత్రం ఈఏపీసెట్ ర్యాంకు 10 వేలలోపు ఉంటేనే పూర్తి ఫీజు. ర్యాంకు అది దాటితే ఏడాదికి రూ.35 వేలే. మిగతాది విద్యార్థి కట్టాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్ శివారు కాలేజీలో ఫీజు రూ.లక్ష అనుకుందాం. 24 వేల ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చేది రూ.35 వేలు. ఇంటి నుంచి కట్టాల్సింది ఏటా రూ.65 వేలు, నాలుగేళ్లకు రూ.2.60 లక్షలు. హాస్టల్, పుస్తకాలు, ప్రయాణం దీనికి అదనం.

కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు అలాట్‌మెంట్ ఆర్డర్‌లో మీరు కట్టాల్సిన ట్యూషన్ ఫీజు ఎంతో ఉంటుంది. కాలేజీ ప్రతినిధి చెప్పేది కాదు, ఆ కాగితంలో ఉన్నదే లెక్క. దాన్ని కోర్సు అయ్యేదాకా దాచుకోండి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంటి దగ్గరి ప్రభుత్వ సంస్థలను ముందు చూడటం కూడా ఈ లెక్కలో భాగమే. వనపర్తిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పాలమూరు యూనివర్సిటీ పీజీ సెంటర్లున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువ. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా మీద పడే బరువు తక్కువే.

శాంక్షన్ అయ్యాక కూడా డబ్బు ఎందుకు ఆగుతుంది?

దరఖాస్తు ప్రయాణం ఇలా ఉంటుంది. మీరు ఈపాస్‌లో నమోదు చేస్తారు. పత్రాలు కాలేజీకి ఇస్తారు. కాలేజీ పరిశీలించి జిల్లా సంక్షేమ అధికారికి పంపుతుంది. అక్కడ మంజూరవుతుంది. తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. టోకెన్ నంబరు పడుతుంది. ఆర్థిక శాఖ నిధులు విడుదల చేసినప్పుడే కాలేజీ ఖాతాలో జమ అవుతుంది.

‘శాంక్షన్డ్’ అంటే మీరు అర్హులని ప్రభుత్వం ఒప్పుకుందని మాత్రమే అర్థం. టోకెన్ అంటే బిల్లు వరుసలో ఉందని. డబ్బు కదిలేది చివరి మెట్టులోనే. బకాయిలు పేరుకుపోయేది కూడా అక్కడే.

ఈ బకాయిల మీదే 2025 నవంబరు 3 నుంచి రాష్ట్రంలో ప్రైవేటు వృత్తివిద్య కాలేజీలు బంద్ పాటించాయి. రూ.600 కోట్లు వెంటనే, మరో రూ.300 కోట్లు త్వరలో ఇస్తామని ప్రభుత్వం చెప్పడంతో 7న విరమించాయి. బాకీ ఉన్నది ప్రభుత్వం, రావాల్సింది కాలేజీకి. తరగతులు పోయింది మాత్రం విద్యార్థికి.

కాలేజీ సర్టిఫికెట్ ఆపితే ఏం చేయాలి?

అడ్మిషన్ సమయంలో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి 2023లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ, యూనివర్సిటీ స్థాయిలో అంబుడ్స్‌పర్సన్ ఉండాలి.

మాటలతో వాదనకు దిగితే పని జరగదు. కాగితం మీద అడగాలి. ఈ వరుసలో వెళ్లండి.

1. ఈపాస్‌లో ప్రతి సంవత్సరానికీ విడివిడిగా స్టేటస్ ప్రింట్ తీయండి. ఏ ఏడాది ఫీజు వచ్చింది, ఏది రాలేదు అన్నది అందులో తేలుతుంది. కాలేజీ చెప్పే మొత్తం, ఇందులోని మొత్తం పోల్చండి.

2. మంజూరే కాకపోతే కారణం కనుక్కోండి. హార్డ్‌కాపీ ఇవ్వకపోవడం, ఆధార్‌లో పేరుకూ పదో తరగతి మెమోలో పేరుకూ తేడా, రెన్యువల్ మరచిపోవడం వంటివైతే తప్పు సరిదిద్దేదాకా ఎన్ని నిధులు విడుదలైనా మీ ఫీజు రాదు.

3. మంజూరై నిధులు రాకపోతే ఆ ప్రింట్ జతచేసి ప్రిన్సిపాల్‌కు లేఖ ఇవ్వండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

4. స్పందన లేకపోతే కాలేజీ ఫిర్యాదుల కమిటీకి, ఆ తర్వాత యూనివర్సిటీకి రాయండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వొచ్చు. సంక్షేమ శాఖ అధికారులు అక్కడే ఉంటారు.

5. ఉద్యోగంలో చేరే గడువో, పీజీ కౌన్సెలింగో ముంచుకొచ్చి అప్పు చేసి కట్టాల్సి వస్తే రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఏ సంవత్సరం ట్యూషన్ ఫీజు కోసం కట్టారో, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తారో లేదో రసీదు మీద రాయించుకోండి. తర్వాత ప్రభుత్వం నుంచి డబ్బు వస్తే అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

కర్నూలు, రాయచూరు వెళ్లి చదివితే?

అలంపూర్, గద్వాల వైపు వారికి కర్నూలు దగ్గర, ఇటు రాయచూరూ దగ్గరే. ఇంటర్‌కు కర్నూలు పంపడం ఎప్పటి నుంచో ఉన్నదే. అయితే ఈ నిర్ణయం తర్వాతి చదువు మీద పడుతుంది.

మెడికల్, డెంటల్ సీట్లలో స్థానికతకు తెలంగాణలో వరుసగా నాలుగేళ్లు చదివి ఉండాలన్న రాష్ట్ర నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. బదిలీలపై వెళ్లే కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది. రైతు పిల్లలు, వ్యాపారుల పిల్లలు అందులోకి రారు. సొంతూరు తెలంగాణలోనే ఉన్నా ఇంటర్ సరిహద్దు దాటి చదివితే స్థానిక కోటా చేజారే ప్రమాదం ఉంది. డిగ్రీ, పీజీకి పక్క రాష్ట్రం వెళ్లాలనుకుంటే ఆ కాలేజీకి ఈపాస్ వర్తిస్తుందో లేదో జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో ముందే అడగండి.

కేంద్రం నుంచి ఏమొస్తుంది?

పీజీ చేసేవారు ఎక్కువగా వదిలేసేది వీటినే.

గేట్ లేదా జీప్యాట్ అర్హతతో ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కాలేజీలో ఎంటెక్, ఎంఫార్మసీ చేరితే నెలకు రూ.12,400 వస్తుంది. పీజీ మొదటి ఏడాది విద్యార్థులకు డిగ్రీ మార్కుల ఆధారంగా యూజీసీ ఇచ్చే నేషనల్ స్కాలర్‌షిప్ నెలకు రూ.15 వేలు, ఏడాదికి పది నెలలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

రుణం కావాలంటే పీఎం విద్యాలక్ష్మి ఉంది. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. తాకట్టు, పూచీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం రూ.8 లక్షల లోపు ఉంటే రూ.10 లక్షల వరకు రుణంపై, చదువుకునే కాలంతో పాటు మరో ఏడాది వరకు 3 శాతం వడ్డీ రాయితీ. రాయితీ ఏటా లక్ష మందికే. ఆదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి వృత్తి, సాంకేతిక విద్య చదివే వారికి ఆ కాలంలో వడ్డీ మొత్తం భరించే పథకం వేరే ఉంది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. విద్యాలక్ష్మి అన్ని కాలేజీలకూ కాదు, కేంద్రం ప్రకటించిన జాబితాలోని సంస్థలకే. ఎక్కువ ప్రైవేటు కాలేజీలు అందులో ఉండవు. అలాగే ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందుతున్నవారికి ఈ వడ్డీ రాయితీ రాదు. రీయింబర్స్‌మెంటా, రాయితీ రుణమా అన్నది చేరే ముందే తేల్చుకోవాలి.

అమెరికా కొత్త చట్టం మనవాళ్లకు తగులుతుందా?

ఎంఎస్ కోసం వెళ్లేవారిలో ఈ సందేహం ఉంది. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి ‘గ్రాడ్ ప్లస్’ అనే ఫెడరల్ రుణాలు కొత్తవారికి ఉండవు. పీజీ విద్యార్థులకు ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లకు పరిమితం. లా, మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లు.

ఎఫ్-1 వీసాపై వెళ్లే విద్యార్థులకు ఈ రుణాలు మొదటి నుంచీ లేవు. కాబట్టి నేరుగా నష్టం లేదు. అక్కడే స్థిరపడి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న మన బంధువుల పిల్లలు మాత్రం లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇక్కడి నుంచి వెళ్లేవారికి రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రూ.20 లక్షల వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ.5 లక్షలు దాటకూడదు. ఇది కూడా రెండు విడతల్లో, అక్కడికి చేరాకే వస్తుంది. వీసాకు చూపాల్సిన డబ్బు, మొదటి సెమిస్టర్ ఫీజు ముందే సమకూర్చుకోవాలి. విద్యానిధి వస్తుందన్న నమ్మకంతో ఊళ్లో వడ్డీకి తెచ్చి బయల్దేరితే, విడత ఆలస్యమైన ప్రతి నెలా ఆ వడ్డీ ఇంటివాళ్ల మీదే పడుతుంది.

చివరగా

ప్రభుత్వ సాయం మీ హక్కే. కానీ అది వచ్చే తేదీ మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నవి మూడే. ఏటా గడువులోగా రెన్యువల్, పేరు, ఆధార్, ఆదాయ పత్రాల్లో తేడా లేకపోవడం, ప్రతి సంవత్సరం స్టేటస్ ప్రింట్. కాలేజీలో చివరి రోజు దాకా ఆగొద్దు. ఈ వారమే ఈపాస్ తెరిచి పోయిన ఏడాది ఫీజు ఏ మెట్టు దగ్గర ఉందో చూసుకోండి. తప్పు మీ వైపు ఉంటే సరిదిద్దుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. ప్రభుత్వం వైపు ఉంటే, సర్టిఫికెట్ అడిగే నాటికి ఆ కాగితం మీ చేతిలో ఉంటుంది.