సముద్రాన్ని గళ్లుగా విడగొడితే

మిట్టపల్లాలున్న నిజమైన సముద్రంలో సునామీ ఎలా సాగుతుందో చెప్పే సమీకరణాలకు కాగితం మీద పరిష్కారం దొరకదు. అందుకే సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి, పక్కపక్క గళ్ల నీటిమట్టాల్లోని తేడాను బట్టి మరుక్షణం నీరు ఎటు కదులుతుందో కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తారు. ఇదే పరిమిత భేదాల పద్ధతి. ఉజ్జాయింపు లెక్కను నమ్మి ప్రాణాలు పణంగా పెడతామా అని ఎవరైనా అడగవచ్చు. ఉజ్జాయింపే, కానీ దాని హద్దులు మనకు తెలుసు. 4,000 మీటర్ల లోతున్న చోట సునామీ సెకనుకు సుమారు 200 మీటర్ల వేగంతో పోతుంది. 2 కిలోమీటర్ల గడిని 10 సెకన్లలో దాటేస్తుంది. మామూలు పద్ధతిలో లెక్క ఒక్కసారికి అంతకంటే ఎక్కువ కాలం ముందుకు దూకిందా, అంకెలు ఉబ్బిపోయి అర్థం లేకుండా పోతాయి. గణితవేత్తలు కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లోనే ఈ షరతును తేల్చారు.

గళ్లను చిన్నవి చేస్తే సరిపోదా? గడి వెడల్పు సగమైతే గళ్లు నాలుగింతలు, కాలపు అడుగులు రెండింతలు, వెరసి పని ఎనిమిదింతలు. హెచ్చరిక వేళ అంత తీరిక ఉండదు. అందుకే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం రాగల భూకంపాలను ఊహించి, లెక్కలు ముందే చేసి పెట్టుకుంటుంది. భూమి కంపించగానే సరిపోయేదాన్ని బయటికి తీస్తుంది. తీరం దగ్గర అల నెమ్మదించి దాని పొడవు కుదించుకుపోతుంది కనుక అక్కడ మాత్రం సన్నని గళ్లు తప్పవు. అయితే తీరంలో నీటి లోతును సరిగా కొలవకపోతే ఎంత సన్నని గడి అయినా వృథాయే. నా దృష్టిలో ముందుగా శ్రమ పెట్టవలసింది ఆ కొలతల మీదే.