పల్లె విద్యార్థికి వెబ్‌సైటే విశ్వవిద్యాలయం వాకిలి

ఒకప్పుడు పరీక్షా ఫలితాల రోజున పేపరు తెచ్చే బస్సు కోసం ఊరి సెంటర్లో విద్యార్థులు కాచుకుని ఉండేవారు. కట్ట విప్పగానే నంబర్ల కోసం పేపరు మీద పడేవారు. ఇప్పుడు ఫలితమైనా, ఫీజు గడువైనా విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోనే చూసుకోవాలి.

అయితే పరీక్షల విభాగం, అడ్మిషన్ల విభాగం, దూరవిద్య కేంద్రం ఎవరి పేజీ వారు నడుపుకుంటే చిక్కే. ఒకచోట గడువు పొడిగించినట్టు ఉంటుంది. మరోచోట పాత తేదీయే ఉండిపోతుంది. అది చూసిన పల్లెటూరి కుర్రవాడు గడువు దాటిపోయిందనుకుని ఆశ వదులుకుంటాడు. ఏడాది చదువు పోతుంది.

దీనికి మందు లేకపోలేదు. ప్రతి పేజీకీ బాధ్యత చూసే ఉద్యోగి ఒకరుండాలి. తేదీ ఒకచోట మారిస్తే అన్ని పేజీల్లోనూ మారే ఏర్పాటు ఉండాలి. ప్రకటనలు తెలుగులోనూ ఉండాలి. సెల్‌ఫోన్‌లో సులువుగా తెరుచుకోవాలి. కాగితాన్ని ఫొటో తీసి పెడితే, చూపులేని విద్యార్థికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ అక్షరాలు సరిగా అందవు.

ఇది దయాధర్మం కాదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ముఖ్య సమాచారాన్ని ఎవరూ అడగకముందే, ఇంటర్నెట్‌తో సహా పలు మార్గాల్లో ప్రజల ముందుంచాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలూ ఇందులోకే వస్తాయి.

నకిలీ సైట్లతోనూ జాగ్రత్త అవసరం. చాలా విశ్వవిద్యాలయాల చిరునామా చివర ఉండే ‘ఏసీ డాట్ ఇన్’ను ఎర్నెట్ ఇండియా విద్యాసంస్థలకే కేటాయిస్తుంది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ తన వెబ్‌సైటులో ఉంచుతోంది. ఫీజు కట్టేముందు ఈ రెండూ చూసుకోవడం మేలు. అనుమానం తీరకపోతే కాలేజీ ఆఫీసులో అడిగాకే డబ్బు కట్టాలి.