పారబోయని పొరపాటు

మా షట్టరింగ్ గ్యాంగులో ఒకతని కాలికి మేకు దిగింది. చిన్న దెబ్బే కదా అని ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజుకి చలిజ్వరం, మాట తడబాటు. ఆసుపత్రిలో రక్తం తీసి కల్చర్‌కి పంపారు. మరునాటికి క్రిమి పెరిగింది. దాన్ని ఒక మిషన్‌లో పెడితే నిమిషాల్లో ఫలానా క్రిమి అని పేరు చెప్పేసిందట. దానికి తగ్గట్టు మందు మార్చారు. మనిషి దక్కాడు.

"ఇదివరకైతే ఆ పేరు తెలియడానికే ఇంకో రోజో రెండ్రోజులో పట్టేది" అన్నాడు ల్యాబ్‌లోని మలయాళీ కుర్రాడు. ఆ మిషన్ వెనక ఒక జపాన్ ఇంజనీరు ఉన్నాడనీ, ఆయనకి డాక్టరేట్ కూడా లేదనీ చెప్పాడు. డిప్లొమా పట్టుకుని గల్ఫ్‌కి వచ్చినవాళ్లం. మాకు ఆ మాట దగ్గరే ఆసక్తి పుట్టింది.

ఆయన పేరు కోయిచి తనాకా. 1959లో టొయామాలో పుట్టారు. తొహోకు యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1983లో డిగ్రీ పూర్తికాగానే కియోటోలోని షిమాజు కంపెనీలో చేరారు. చదివింది కరెంటు, అప్పజెప్పిన పని కెమిస్ట్రీ. ప్రొటీన్ల బరువు తూచే మార్గం వెతకాలి.

గ్లిజరిన్ కలిసిన రోజు

ప్రొటీన్‌ని తూచాలంటే దాన్ని ఆవిరిలా గాల్లోకి లేపి, కరెంటు ఛార్జి ఎక్కించాలి. నేరుగా లేజర్ కొడితే ముక్కలైపోతుంది. మేం టైల్ పరిచేటప్పుడు దాని మీద సుత్తితో నేరుగా కొట్టం కదా, మధ్యలో చెక్క పెట్టి కొడతాం. అలాంటి చెక్క ఒకటి ప్రొటీన్‌కీ కావాలి. ఆ దెబ్బ తను తీసుకునే పదార్థం ఏదో ఎవరికీ తెలియదు.

1985 ఫిబ్రవరిలో తనాకా సన్నటి కోబాల్ట్ పొడిలో అసిటోన్ పోయబోయి గ్లిజరిన్ పోసేశారు. పొడి ఖరీదైనది, పారబోయడానికి మనసొప్పలేదు. మిషన్‌లో పెట్టి, గ్లిజరిన్ తొందరగా ఆరుతుందని లేజర్ కొడుతూ తెర మీద చూస్తూ కూర్చున్నారు. శాంపిల్‌లో ఉన్న విటమిన్ బి12 చెక్కుచెదరకుండా లేచి కనబడింది.

ఆ ఏడాదే కంపెనీ పేటెంటుకి దరఖాస్తు పెట్టింది. 1987లో జపాన్‌లో జరిగిన ఒక సదస్సులో ఫలితాలు చెప్పారు. 1988లో సహచరులతో కలిసి ఇంగ్లీషులో పరిశోధన పత్రం అచ్చువేశారు. మొదట తయారుచేసిన మిషన్ మాత్రం అమ్ముడుపోయింది ఒక్కటే.

2002 అక్టోబర్ 9న కెమిస్ట్రీ నోబెల్ ప్రకటించారు. బహుమతిలో సగం స్విట్జర్లాండ్‌కి చెందిన కుర్ట్ వుత్రిచ్‌కి, పావు అమెరికాకి చెందిన జాన్ ఫెన్‌కి, పావు తనాకాకి. అప్పటికి ఆయనకి 43 ఏళ్లు. ఆ రాత్రి విలేఖరుల ముందుకి కంపెనీ యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నారు. ప్రయోగాలకి దూరమైపోతానని ప్రమోషన్ పరీక్షలే రాయని మనిషి మరి!

లెక్కలో వెనక, పనిలో ముందు

శాస్త్రవేత్తల గొప్పతనానికి ఒక కొలత ఉంది. ఒకరి పత్రాన్ని మిగతావాళ్లు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారన్నదే ఆ కొలత. దీన్ని సైటేషన్లు అంటారు. నోబెల్ వచ్చేనాటికి తనాకా పేరు మీద పత్రాలే తక్కువ. ఇదే దారిలో పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్తలు ఫ్రాంజ్ హిల్లెన్‌క్యాంప్, మైకేల్ కరాస్‌లది ఇంకా అనువైన పద్ధతి. ఈ రోజు ల్యాబుల్లో ఎక్కువగా నడిచేది వాళ్లదే. ఆ విధానానికి మాల్డీ అని పేరు పెట్టిందీ వాళ్లే. వాళ్లకి నోబెల్ రాకపోవడం అన్యాయమని అప్పట్లో గట్టి వాదనే నడిచింది. ఆ వాదనలో న్యాయం ఉంది కూడా. కమిటీ మాత్రం పెద్ద ప్రొటీన్‌ని మొదట లేపి చూపించింది ఎవరన్నదే చూసింది.

క్రిమికి వేలిముద్ర

ఈ పద్ధతి ఆసుపత్రిలో ఎలా పనికొస్తుంది? ఒక్కో క్రిమిలో ప్రొటీన్ల బరువులు ఒక్కో వరసలో ఉంటాయి. లేజర్ కొట్టి గొట్టంలో పరుగెత్తిస్తే తేలికవి ముందు చేరతాయి, బరువైనవి వెనక. ఆ వరసే క్రిమి వేలిముద్ర. కంప్యూటర్‌లో ఉన్న ముద్రలతో పోల్చి పేరు చెబుతారు. 2009లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ పరిశోధకులు 1,660 నమూనాల మీద పరీక్షించి 95.4 శాతం సరిగ్గా గుర్తించినట్టు ప్రచురించారు. 2013లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఇలాంటి మిషన్‌కి అనుమతి ఇచ్చింది.

అన్నీ దీంతో అయిపోవు. క్రిమిని ముందు పెంచాలి. ఈ-కోలైనీ, విరేచనాలు తెచ్చే షిగెల్లానీ ఇది సరిగా విడదీయలేదు. ఏ మందుకి లొంగుతుందో తెలియాలంటే మామూలుగా వేరే పరీక్ష చేయాల్సిందే. అయినా ప్రాణం మీదికొచ్చినవాడికి ఒక రోజు ముందు తెలిస్తే చాలు.

సైట్‌లో రోజూ ఏదో ఒకటి తప్పు కలుస్తుంది, పారబోస్తాం, మర్చిపోతాం. తనాకా పారబోయలేదు. అంతకంటే ముఖ్యం, చూసింది నలుగురికీ చెప్పారు, రాసి అచ్చువేశారు. ఆ 1988 పత్రమే లేకపోతే మొదట చేసింది ఈయనని సాక్ష్యం ఎక్కడిది? పత్రాలు వందలుండక్కర్లేదు, ఒక్కటైనా ఉండాలి. మనవాళ్ల చేతుల్లో ఎంత పనితనముందో మాకు తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టే అలవాటే లేదు.

మా మనిషి రెండు నెలలకి మళ్లీ పనిలోకొచ్చాడు. ఇప్పుడు సైట్‌లో ఎవరికి మేకు గుచ్చుకున్నా రిజిస్టర్‌లో రాస్తున్నాం, అదే రోజు క్లినిక్‌కి పంపిస్తున్నాం.