ఆపరేషన్ తరువాత ఇంటి దగ్గర ఎంత నడవాలి?

కోటబొమ్మాళి: ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరిన మనిషికి మన పల్లెల్లో రెండు రకాల సలహాలు ఎదురవుతాయి. "మంచం దిగితే కుట్లు ఊడిపోతాయి, కదలకు" అన్నది ఒకటి. "పది రోజులయింది కదా, ఇంకా ఏం పడక? చేలోకి రా" అన్నది రెండోది. మొదటి మాట విని నెల రోజులు మంచాన్ని వదలనివారు కొందరు. రెండో మాట విని బిందె ఎత్తేవారు, ఉభాలకు దిగేవారు మరికొందరు. ఈ రెండు దారులూ ప్రమాదమే.

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు "కొంచెం కొంచెం నడవండి, బరువులు ఎత్తకండి" అని చెబుతారు. కొంచెం అంటే ఎంత? వాకిలి దాకానా, వీధి చివరి దాకానా, నారాయణవలస సంత దాకానా? అడగడానికి మొగమాటం. పైగా బస్సు వెళ్ళిపోతుందన్న తొందర. ఇంటికి వచ్చాక అనుమానం వస్తే తీర్చేవారుండరు.

ఒకప్పుడు మనవారికి పెద్ద ఆపరేషన్ అంటే విశాఖపట్నం కె.జి.హెచ్. పేరే గుర్తుకు వచ్చేది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అనంతపురం, మహబూబ్‌నగర్ మిగిలిన రెండు. నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలుస్తున్న ఆ పథకం వచ్చాక చేతిలో డబ్బు లేని కుటుంబాలకు కూడా ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. అయితే ఆపరేషన్ గంటల్లో ముగుస్తుంది. కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు గడిచేది మన ఇంట్లోనే, మన చేతుల్లోనే.

మంచమే మందు కాదు

కదలకుండా పడుకుంటే గాయం త్వరగా మానుతుందని అనుకోవడం పొరపాటు. పిక్కల కండరాలు కదిలినప్పుడే కాళ్ళలోని రక్తం పైకి సాఫీగా వెళుతుంది. రోజుల తరబడి పడుకుంటే అది నెమ్మదించి, పిక్కలో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ప్రమాదం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళే కాదు, ఇంటికి వచ్చిన తరువాత కూడా కొన్ని వారాలు ఉంటుంది.

పడుకునే ఉంటే ఊపిరి నిండుగా ఆడదు. కఫం చేరి న్యుమోనియా రావచ్చు. పేగుల కదలిక తగ్గి కడుపు ఉబ్బరిస్తుంది, విరేచనం బిగుస్తుంది. ముసలివారి సంగతి మరీ కష్టం. కొద్ది రోజుల పడకతోనే వారి కాళ్ళ కండ కరిగిపోతుంది. ఆపరేషన్‌కు ముందు తమ పని తాము చేసుకున్నవారు, ఆ తరువాత మరొకరి చెయ్యి పట్టుకోనిదే లేవలేని స్థితికి వస్తారు.

పెద్దల మాట ఎక్కడిది?

మంచం దిగవద్దని చెప్పే పెద్దలను తప్పుపట్టనక్కరలేదు. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఆ మాటే చెప్పేవారు. కడుపు కోసి ఆపరేషన్ చేస్తే రెండు మూడు వారాలు పడుకోబెట్టడం అప్పటి రివాజు. 1899లో అమెరికాలోని షికాగోలో ఎమిల్ రీస్ అనే డాక్టరు, రోగులను త్వరగా లేపి నడిపిస్తే మంచిదని రాశారు. చాలాకాలం ఆ మాటను పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1939-45 ప్రపంచయుద్ధ కాలంలో మంచాలకు, నర్సులకు కొరత వచ్చింది. రోగులను త్వరగా లేపక తప్పలేదు. లేచినవారు చెడిపోలేదు సరికదా, బాగా కోలుకున్నారు. డెట్రాయిట్ డాక్టరు డేనియల్ లీథాసర్ ఆ రోజుల్లోనే ఈ పద్ధతి కోసం గట్టిగా వాదించారు. 1990 తరువాత డెన్మార్క్ డాక్టరు హెన్రిక్ కెలెట్ దీన్ని ఒక క్రమంలో పెట్టారు. నేడు చాలా ఆపరేషన్లకు, వీలైతే అదే రోజు లేదా మరునాడే రోగిని లేపి నాలుగడుగులు వేయిస్తున్నారు.

కిలోమీటర్లు కాదు, నిమిషాలు

ఎంత నడవాలన్నదానికి దూరం లెక్క పనికిరాదు. నిమిషాలు లెక్కపెట్టాలి. ఒకేసారి ఎక్కువ నడవడం కంటే కొద్దికొద్దిగా పలుమార్లు నడవడం మంచిది. గర్భసంచి, హెర్నియా, అపెండిక్స్ (24 గంటల కడుపునొప్పి) వంటి కడుపు ఆపరేషన్లకు, వేరే చిక్కులు లేనివారికి, ఈ కొలత సుమారుగా సరిపోతుంది.

మొదటి వారం: ఇంట్లో, వాకిట్లో, పెరట్లో. ఒకసారికి మూడు నుంచి ఐదు నిమిషాలు. పగటిపూట ఐదారు సార్లు.

రెండో వారం: ఇంటి ముందు వీధిలో. ఒకసారికి పది నిమిషాలు. రోజుకు మూడు నాలుగు సార్లు.

మూడు, నాలుగు వారాలు: పదిహేను, ఇరవై నిమిషాలు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి.

తరువాత: ఓపికను బట్టి అరగంట, ఆపైన.

చిన్న రంధ్రాలతో చేసే కెమెరా ఆపరేషన్ అయితే ఇంతకంటే త్వరగా పెంచుకోవచ్చు. వయసు మళ్ళినవారు, రక్తం తక్కువగా ఉన్నవారు, షుగర్ ఉన్నవారు ఇంకా నెమ్మదిగా పెంచాలి. మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు వేరే కొలత చెబితే అదే పాటించాలి.

ఎక్కువయిందో తక్కువయిందో తెలుసుకోవడానికి రెండు గుర్తులున్నాయి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగితే ఆ నడక సరిపోయినట్టు. మాట తెగి ఆయాసం వస్తే ఎక్కువయినట్టు. రెండో గుర్తు మరునాడు తెలుస్తుంది. లేవగానే నిన్నటికంటే నొప్పి, నీరసం ఎక్కువగా ఉంటే ఆ రోజు కొంత తగ్గించాలి. మానేయకూడదు.

వెళ్ళినంత దూరం తిరిగి రావాలన్నది మరచిపోవద్దు. పది నిమిషాల నడక అంటే ఐదు నిమిషాలు పోవడం, ఐదు నిమిషాలు రావడం. మొదటి రోజుల్లో తోడు లేకుండా వీధిలోకి వెళ్ళరాదు. ఎండ ముదరకముందు, చీకటి పడకముందు నడవాలి.

నడక వేరు, పని వేరు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. నడవమన్నారు కదా అని కొందరు పనిలోకి దిగుతారు. ఆడవారి విషయంలో ఇది మరీ ఎక్కువ. ఇంట్లో తిరుగుతున్నది కదా అని వంట, నీళ్ళు, పశువుల శాల అన్నీ ఆమె మీదే పడతాయి.

నడిచేటప్పుడు కడుపు కండరం మీద ఒత్తిడి స్వల్పం. బరువు ఎత్తితే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. చర్మం మీది కుట్లు మానినట్టు కనిపించినా లోపలి పొరలు గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోగా బరువు ఎత్తితే అక్కడ కండరం విడిపోయి హెర్నియా రావచ్చు. అంటే మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ కూలి పోవడం.

కడుపు కోసి చేసిన ఆపరేషన్ అయితే సాధారణంగా ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తరాదంటారు. లీటరు నీళ్ళు ఒక కిలో. పన్నెండు లీటర్ల బిందె నింపితే పన్నెండు కిలోల పైమాటే. చెంబుతో తెచ్చుకోవచ్చు, బిందె మాత్రం వద్దు. ధాన్యం బస్తా, గడ్డి మోపు, మట్టి తట్ట, బోరింగు కొట్టడం, రుబ్బురోలు తిప్పడం అన్నీ ఈ లెక్కలోవే. కాన్పు ఆపరేషన్ అయిన తల్లి తన బిడ్డకంటే ఎక్కువ బరువు ఎత్తకూడదు. వంగి చేసే ఉభాలు, కోతలు డాక్టరు చూసి సరే అన్నాకే.

ఇక్కడ ఇంటివారి పాత్ర పెద్దది. రోగిని మంచం మీద కూర్చోబెట్టి సేవ చేయడం కంటే, ఆమె చేతిలోని బిందె తాము తీసుకుని, ఆమెను ఖాళీ చేతులతో నడవనివ్వడం అసలైన సాయం.

అన్ని ఆపరేషన్లూ ఒకటి కావు

కాలి ఎముక విరిగి రాడ్డు, ప్లేటు వేసినవారు ఆ కాలిపై ఎంత బరువు మోపవచ్చో డాక్టరును అడగాలి. అడగకుండా మోపితే ఎముక కదలవచ్చు. మోకీలు మార్చినవారు వాకర్ పట్టుకుని, చెప్పినన్ని సార్లు నడవాల్సిందే. నొప్పి అని మానేస్తే కీలు బిగుసుకుపోతుంది. గుండె ఆపరేషన్‌లో రొమ్ము ఎముక కోసినవారు నడవవచ్చు గాని, ఎముక అతికేదాకా చేతులతో బరువు లాగడం, నెట్టడం చేయరాదు. కంటి శుక్లాలు తీయించుకున్నవారికి నడక అడ్డు కాదు. కంట్లో దుమ్ము, నీరు పడకుండా చూసుకోవాలి. జాతర జనంలోకి కొన్నాళ్ళు వెళ్ళకపోవడం మేలు.

లేవడంలోనూ పద్ధతి ఉంది

వెల్లకిలా పడుకుని ఒక్క ఉదుటున లేవరాదు. ముందు పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి జార్చి, చేతిని మంచానికి ఆనించి లేవాలి. నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని అడుగు వేయాలి. జారిన నులక మంచం నుంచి లేవడం కష్టం. బల్ల మంచం మంచిది. దగ్గు వస్తే కుట్టు మీద దిండు అదిమి పట్టుకోవాలి. తడి పెరడు, నాచు పట్టిన నూతిగట్టు వైపు వెళ్ళరాదు. వదులు చెప్పులు వద్దు.

డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేళకు వేసుకుంటే నడక సులువవుతుంది. దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలు వాడకూడదు. అవి కిడ్నీలకు చెరుపు చేయవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఉద్దానం వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. చుట్ట, బీడీ, అడ్డపొగ గాయాన్ని త్వరగా మాననివ్వవు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగాలి

ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, కుట్టు ఎర్రబడి చీము కారడం, కుట్టు విడిపోవడం, చలిజ్వరం, ఆగని వాంతులు, కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోవడం, ఎక్కువగా రక్తస్రావం. వీటిలో ఏది కనిపించినా నడక ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. వాచిన పిక్కను నూనె పెట్టి మర్దన చేయరాదు. ఉన్నట్టుండి ఆయాసం, గుండెల్లో నొప్పి, దగ్గులో రక్తం వస్తే ఆలోచించకుండా 108కి ఫోను చేయాలి.

ఆసుపత్రి వదిలే ముందు డాక్టరును నాలుగు ప్రశ్నలు అడిగి, చీటీ మీద రాయించుకోండి. రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు నడవాలి? ఎన్ని కిలోలు ఎత్తవచ్చు? పనిలోకి ఎప్పుడు వెళ్ళవచ్చు? మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి? ఇవి అడగడం రోగి హక్కు. బస్సు పోతే మరో బస్సు వస్తుంది. ఈ నాలుగు మాటలు తెలియకుండా మాత్రం ఇంటికి రావద్దు.