చిత్రములలో పొరలు

మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ లోయ నాగార్జునసాగర జలములలో మునిగినది. 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో దొరకిన శిల్పములు పెక్కు నేడు కొండపై ప్రదర్శనశాలలో నున్నవి. వానిలో విఱిగినవియు గలవు.

ఒక శిల్పమునకు విఱిగిన చేయి యెట్లుండెడిదో యూహించి ఛాయాచిత్రముపైననే గీచితిమేని, శిల్పి చెక్కినదేదో మన మూహించినదేదో పిమ్మట తెలియదు. ఈ చిక్కును తీర్చునది గింప్ అను వెలలేని చిత్రసాధనము. దీనిని 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులగు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ ఆరంభించిరి.

ఇందు ఛాయాచిత్రము అడుగుపొర. దానిపై గాజుపలక వంటి పారదర్శకమైన పొర నొకదానిని చేర్చి, గీతలన్నియు దానిమీదనే గీయవలెను. ప్రతి బిందువునకును రంగుతోపాటు ఆల్ఫా యను సంఖ్య యుండును. అది 0 అయినచో క్రిందిది పూర్తిగా కనబడును. 255 అయినచో పూర్తిగా మఱుగుపడును. నడిమి సంఖ్యలలో రెండును కలిసి కనబడును. పొర ప్రక్కనున్న కన్ను గుర్తును నొక్కినంతనే గీతలు మాయమై అసలు చిత్రము నిలుచును.

పనిని ఎక్స్‌సీఎఫ్ రూపమున దాచినచో పొరలు విడివిడిగా నుండును. పీఎన్‌జీలో పారదర్శకత మిగులును గాని పొరలు ఒక్కటగును. జేపెగ్‌లో రెండును పోవును.

ఊహ తప్పని తేలినచో పొరను తొలగింపవచ్చును. సాక్ష్యము మాత్రము చెడదు.