చిన్న నలత, పెద్ద భయము
(ఫోను చూచి రోగము నిర్ణయించుకొను వారికి ఒక మనవి)

పడుగులో ఒక పోగు తెగినచో నేతగాడు మగ్గము ఆపి, ఆ పోగును వెదకి, అతికి, తిరిగి నాడె ఆడించును. ఒక్క పోగు తెగినదని పడుగంతయు కోసివేయువాడు ఎవడును లేడు. కాని దేహమున ఏదో చిన్న నలత తోచినంతనే పడుగంతయు పోయినదని బెంగపడువారు నేడు మన ఇండ్లలో కనబడుచున్నారు. చేతిలోని ఫోను ఆ బెంగను పెంచుచున్నది.

ఒక ఉదాహరణము ఊహించుకొందము. చింతామణి చేరువ ఒక ఇంట నలుబదియేండ్ల నేతగాడు గుంటమగ్గము నుండి లేచునప్పుడు కాలు తిమ్మిరెక్కినది. రాత్రి అందరును పండుకొన్న తరువాత ఫోనులో వెదకెను. మొదట నరముల బలహీనత అని వచ్చినది. దాని క్రింద చక్కెరవ్యాధి. ఆపైన పక్షవాతము, వెన్నెముకలో గడ్డ. ఇంట మాటలాడునది తెలుగు, బడిలో చదివినది కన్నడము, ఫోను చూపినది ఇంగ్లీషు. సగము అర్థము కాలేదు. ఆ సగమును భయము పూరించినది. తెల్లవార్లు నిద్ర లేదు. మరునాడు గుండె దడ, చేతులకు చెమట. వానిని గూర్చియు ఫోనునే అడిగెను. నాలుగు దినములు మగ్గము నిలిచినది. బెంగళూరు పోయి స్కానింగు తీయించుకొనుటకు అప్పు వెదకుచున్నాడు.

ఈ బెంగ ఫోనుతో పుట్టినది కాదు. 1889లో ఇంగ్లీషు రచయిత జెరోమ్ కె. జెరోమ్ తన హాస్యగ్రంథములో, వైద్యపుస్తకము తిరుగవేసి అందులోని రోగములు ఇంచుమించు అన్నియు తనకున్నవని తలచిన వానిని చిత్రించి లోకమును నవ్వించెను. అప్పుడు పుస్తకము కొరకు గ్రంథాలయమునకు పోవలసియుండెను; ఇప్పుడది దిండుక్రిందనే యున్నది. 2008లో మైక్రోసాఫ్టు సంస్థ పరిశోధకులు వైట్, హోర్విట్జ్ అనువారు ఈ సంగతిని పరీక్షించిరి. తలనొప్పి అని వెదకినప్పుడు, కాఫీ మానుటచే వచ్చు తలనొప్పికిని, మిక్కిలి అరుదైన మెదడుగడ్డకును ఫలితములలో ఇంచుమించు సమానస్థానము లభించినది. ఏది సామాన్యము, ఏది అరుదు అను తూకము అక్కడ లేదు.

భయపడిన మనస్సు దేహమును మాటిమాటికి తడవి చూచుకొనును. అట్లు చూడగా మునుపు లెక్కచేయని చిమచిమలు, పోట్లు కూడ తెలియవచ్చును. భయమువలననే గుండె దడ, ఆయాసము, వ్రేళ్ల తిమ్మిరి కలుగవచ్చును. అవి క్రొత్త రోగముయొక్క గుర్తులని తలచి మరల వెదకుదురు. వెదకినప్పుడు కలుగు ఊరట గడియసేపు; పిదప సందేహము మొదటికి వచ్చును.

వైద్యుడు అడుగదగిన ప్రశ్నలు రెండు కలవు: నీ పని యేమి? నీవు త్రాగు నీరేది? మనము చెప్పనిదే ఫోనుకు ఈ రెండును తెలియవు. గుంటలో గంటలకొలది కాళ్లు వ్రేలాడవేసి కూర్చున్నచో నరము నొక్కబడి తిమ్మిరి కలుగవచ్చును. సన్నని పోగును తదేకముగా చూచినచో కన్ను మండును, తల నొచ్చును. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేసినచో ఇట్టివి చాలవరకు తగ్గును. ఇక నీటి సంగతి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము తాలూకాలలో అనేక గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించి కనబడినది. అట్టి నీరు ఏండ్లకొలది త్రాగినచో పిల్లల పండ్లపై మచ్చలు, పెద్దలకు కీళ్ల నొప్పులు, నడుము బిగువు కలుగును. మోకాలి నొప్పికి ఎముకల క్యాన్సరని రాత్రి యెల్ల వగచుటకంటె, త్రాగు నీటిని పరీక్ష చేయించుట మేలు.

అట్లని ప్రతి నలతను త్రోసివేయరాదు. దగ్గు రెండు వారములు మించినను, కఫమున రక్తము పడినను, కారణము లేక బరువు తగ్గినను ప్రభుత్వాసుపత్రికి పోవలెను. అచ్చట క్షయపరీక్ష ఉచితము. తిమ్మిరి మానక నిలిచినను వైద్యునికి చూపి, చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. ఎదలో బిగపట్టు నొప్పి, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి కాలు హఠాత్తుగా పడిపోవుట, ఇవి కనబడినచో ఫోనులో వెదకవలదు. అదే ఫోనుతో 108 పిలువవలెను.

వైద్యుడు పరీక్షించి భయము లేదన్న తరువాతను బెంగ విడువనిచో, అదియు చికిత్సతో తగ్గునట్టి బాధయే. సిగ్గుపడవలసిన పని లేదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను విడువలేని వారికొరకు 2014 నుండి ప్రత్యేక చికిత్సాశాల కలదు.

కావున నేత సోదరసోదరీమణులకు మా మనవి. నలత తోచినప్పుడు అది ఎప్పుడు మొదలైనది, ఏ పని చేసినప్పుడు హెచ్చుచున్నది, ఏ నీరు త్రాగుచున్నాము అను మూడు సంగతులు కాగితముపై వ్రాసికొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొండు. రాత్రి ఒంటరిగా వెదకవలదు, ఇంటివారితో చెప్పుడు. తెగిన పోగు ఏదో తెలిసినచో అతుకుట సులభము. అది తెలియకమునుపే పడుగు కోసికొనవలదు.